లైబ్రరీ స్టాండర్డ్ పెంచితే శివారు కంపైలర్ల గతేమిటి?

ఉండి దగ్గర మా బాబాయి రొయ్యల చెరువు గట్టు మీద, కరెంటు స్తంభానికి బిగించిన చిన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంటుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్ చెబుతుంటే, పెట్టె ఆ లెక్క చూసుకుని, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లను ఆన్ చేస్తుంది. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మరీ పడిపోతే బాబాయికి ఫోన్ చేస్తుంది. చెరువులో ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అన్నిటికన్నా కిందికి దిగుతుంది. ఆ వేళ ఏరియేటర్ తిరక్కపోతే నెలల తరబడి పెట్టిన మేత, సీడు, డీజిల్ ఖర్చు అంతా తెల్లారేసరికి పోయినట్టే.

ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రామ్‌ని మా చిన్న టీమ్ భీమవరంలో కూర్చుని సీ++ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. సర్వర్‌తో మాట్లాడే భాగానికి మాత్రం చాలామంది వాడే ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా వాడుకోగల తయారు కోడ్) తీసుకున్నాం. కిందటేడాది దాని కొత్త వెర్షన్ వచ్చింది. భద్రతా లోపం ఒకటి సరిచేశామని మార్పుల జాబితాలో ఒక లైను ఉంది. దాని కిందే ఇంకో లైను: ఇకపై కనీసం సీ++17 (ఆ భాషకి 2017లో వచ్చిన రూపం) కావాలి. మొదటి లైను చూసి ఆ రాత్రే అప్‌డేట్ చేసేద్దాం అనుకున్నాం, రెండో లైను దగ్గర ఆగిపోయాం. పెట్టెలోని సర్క్యూట్ బోర్డు అమ్మినవాళ్లు మాకిచ్చిన కంపైలర్ (మనం రాసిన కోడ్ ని యంత్రం నడపగలిగేలా మార్చేది) జీసీసీ 4.8. అందులో సీ++17 లేదు.

ఇలాంటి లైను ఏ లైబ్రరీలో కనిపించినా రెండు వైపులా కోపాలు లేస్తాయి. "ఇన్నేళ్ల నాటి కంపైలర్ పట్టుకుని వేలాడేవాళ్ల కోసం మేమెందుకు ఆగాలి" అని రాసేవాళ్లు, "నడుస్తున్నదాన్ని ఎందుకు చెడగొడతారు" అని వాడేవాళ్లు. నేను రెండు వైపులా ఉన్నాను. మా టీమ్ కూడా ఒక చిన్న లైబ్రరీని నలుగురికీ అందుబాటులో పెట్టింది. అందుకే ఈ చిక్కుముడిని ఓపిగ్గా విప్పాలనిపించింది.

ముందు స్టాండర్డ్ అంటే ఏమిటో చూద్దాం. భాషలో ఏముండాలో, ఏ వాక్యానికి ఏ అర్థం రావాలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ కమిటీ రాసిన పుస్తకమే స్టాండర్డ్. సీ++ కి మొదటి పుస్తకం 1998లో వచ్చింది. 2011లో పెద్ద మార్పు, ఆ తర్వాత 14, 17, 20, 23 అని మూడేళ్లకొకటి. పుస్తకం వచ్చినంత మాత్రాన కంప్యూటర్‌కి అది వచ్చేయదు. దాన్ని చదివి అమలు చేసేది కంపైలర్. జీసీసీలో సీ++11 భాష మొత్తం 4.8.1తో వచ్చింది, సీ++14 అయిదో వెర్షన్‌తో వచ్చింది. సీ++17 భాషాపరంగా ఏడో వెర్షన్‌కి దాదాపు పూర్తయినా, ఫైల్ సిస్టమ్ లాంటి భాగాలకి ఎనిమిది దాకా ఆగాల్సి వచ్చింది.

అంటే కంపైలర్ వయసు వేరు, దానికి మనం చెప్పే స్టాండర్డ్ వేరు. ఒకే కంపైలర్‌ని 11 మోడ్‌లోనూ నడపొచ్చు, 17 మోడ్‌లోనూ నడపొచ్చు. మనం ఏదీ చెప్పకపోతే అది తన అలవాటు ప్రకారం పోతుంది. జీసీసీ ఆరో వెర్షన్ నుంచి ఆ అలవాటు 14, పదకొండో వెర్షన్ నుంచి 17. "నా దగ్గర బానే బిల్డ్ అయిందే, నీ దగ్గర ఎందుకవ్వదు" అని ఇద్దరు గంటసేపు వాదించుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే.

ఇంకో మెలిక కూడా ఉంది. "మాకు సీ++11 చాలు" అని ఒక లైబ్రరీ ప్రకటించిందనుకోండి. జీసీసీ 4.8లో ఆ మోడ్ ఉంది కదా అని మనం ధైర్యంగా దిగుతాం. కానీ 4.8తో వచ్చే ప్రామాణిక లైబ్రరీలో రెజెక్స్ (అక్షరాల వరసలో ఒక నమూనాని వెతికే సాధనం) హెడర్ ఫైల్ పేరుకే ఉంటుంది. కోడ్ ఏ తప్పూ చూపించకుండా కంపైల్ అవుతుంది, నడిపినప్పుడు పనిచేయదు. అసలు పనితనం 4.9లో వచ్చింది. మేము ఈ గోతిలో పడి రెండు రోజులు పోగొట్టుకున్నాం. సెన్సర్ పంపే లైనును విడగొట్టే చోట తప్పు మా నమూనాలో ఉందనుకుని అక్షరం అక్షరం దిద్దుకుంటూ కూర్చున్నాం. నమూనా సరిగ్గానే ఉంది. దాన్ని చదవాల్సినవాడే ఇంకా రాలేదు. అందుకే కనీస స్టాండర్డ్ ఒక్కటి రాస్తే సరిపోదంటాను. ఏ కంపైలర్, ఏ వెర్షన్ నుంచి పరీక్షించామో లైబ్రరీ వాళ్లు తప్పకుండా చెప్పాలి.

స్టాండర్డ్‌ని ఎందుకు పెంచుతారు? కొత్త సొగసుల మీద మోజు అనుకుంటే పొరపాటు. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ లినక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. 2022 మొదట్లో కూడా అది 1989 నాటి సీ భాష పద్ధతిలోనే ఉండేది. ఆ పద్ధతిలో లూప్‌లో తిరిగే వేరియబుల్‌ని లూప్ బయటే ప్రకటించాలి. కెర్నల్‌లో జాబితాల మీద తిరగడానికి ఒక మాక్రో (పేరు రాస్తే దాని చోట ముందే రాసిన కోడ్ వచ్చే ఏర్పాటు) ఉంది, దాన్ని వేల చోట్ల వాడతారు. జాబితా చివరిదాకా వెళ్లి లూప్ ముగిసిందంటే, బయట మిగిలిన ఆ వేరియబుల్ అసలు సభ్యుణ్ణి కాకుండా ఏదో అర్థంలేని చోటుని చూపిస్తుంటుంది. లూప్ అయ్యాక ఎవరైనా పొరపాటున దాన్ని వాడితే అక్కడొక బగ్ పుడుతుంది. వేరియబుల్‌ని లూప్ లోపలే ప్రకటించే వీలుంటే ఆ పొరపాటు చేయడానికే సందు ఉండదు, కంపైలర్ అక్కడికక్కడే ఆపేస్తుంది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ కారణంతోనే మార్పుకి ఒప్పుకున్నారు. 5.18 వెర్షన్‌తో కెర్నల్ 2011 నాటి సీ స్టాండర్డ్‌కి మారింది.

ఇందులో అంతగా ఎవరూ పట్టించుకోని మెట్టు ఒకటుంది. అంతకుముందే కెర్నల్ తన కనీస కంపైలర్‌ని జీసీసీ 5.1కి పెంచుకుంది. దాంతో స్టాండర్డ్ మార్చిన రోజున కొత్తగా బయట ఉండిపోయినవాళ్లు లేరు. ముందు కంపైలర్ కనీస వెర్షన్ పెంచి, అందరూ దాని మీదికి చేరాక స్టాండర్డ్ పెంచడం అన్నమాట. చాలా లైబ్రరీలు ఈ రెండు మెట్లూ ఒకే అంగలో ఎక్కేస్తాయి, గొడవ అక్కడే మొదలవుతుంది.

కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ అనే సాధనం వాళ్లది ఇంకో తెలివైన పద్ధతి. 1999 నాటి సీ స్టాండర్డ్‌ని తప్పనిసరి చేయాలనుకున్నప్పుడు కోడ్ అంతా తిరగరాయలేదు. 2022 జనవరిలో వచ్చిన 2.35 వెర్షన్‌లో ఒకే ఒక్క చోట చిన్న తనిఖీ పెట్టారు: కంపైలర్‌కి ఆ స్టాండర్డ్ రాకపోతే బిల్డ్ ఆగిపోతుంది. ఎవరైనా ఇబ్బంది అని చెబితే ఆ తనిఖీ తీసేయడం తేలిక. వాతావరణం తెలుసుకోవడానికి బెలూన్ వదిలినట్టు వదిలి, ఏ మూల నుంచి ఫిర్యాదు వస్తుందో చూశారు. ఎంతమంది పాత కంపైలర్ల మీద ఉన్నారో ఊహించుకుని వాదించడం కన్నా ఇలా అడిగి తెలుసుకోవడం ఎంతో మేలు.

లైబ్రరీ రాసేవాళ్ల వైపు భారం బయటికి కనపడదు. మా చిన్న లైబ్రరీలోనే ఒక ఫైల్ ఉంది. సీ++17లో వచ్చిన స్ట్రింగ్ వ్యూ (అక్షరాల వరసని కాపీ చేయకుండా చూసే రకం) ఉంటే ఇలా, లేకపోతే మేం సొంతంగా రాసుకున్నది అలా. మైక్రోసాఫ్ట్ కంపైలర్ అయితే మరోలా. నిజంగా పనిచేసే లైన్ల కన్నా ఈ "ఉంటే, లేకపోతే" లైన్లే ఎక్కువ. పైగా ఏ స్టాండర్డ్‌లో ఉన్నామో తెలుసుకోవడానికి చూసే మాక్రో కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. 17 మోడ్‌లో అది 201703 అనాలి. మైక్రోసాఫ్ట్ కంపైలర్ ప్రత్యేకంగా ఒక స్విచ్ ఇస్తే తప్ప ఏ మోడ్‌లో ఉన్నా 199711 (మొదటి స్టాండర్డ్ గుర్తు) అనే చెబుతుంది. అది నమ్మితే కొత్త కంపైలర్‌ని పాతదనుకుని పాత దారిలోకి తోసేస్తాం. ప్రతి మార్పునీ ఈ దారులన్నిటిలో పరీక్షించాలి. కొత్తగా సాయం చేద్దామని వచ్చిన కుర్రాడు 17లో చక్కగా రాసి పంపితే, "ఇది 11లో నడవదు, మళ్లీ రాయి" అని చెప్పాలి. అలా చెప్పించుకున్న ఇద్దరు మళ్లీ మా వైపు రాలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

ఇక రెండో వైపు. "కంపైలర్ అప్‌డేట్ చేసుకోండి, ఉచితమే కదా" అంటారు. ఉచితమే, కానీ కంపైలర్ మన చేతిలో ఉండేది ఎంతమందికి? బోర్డు మీద పనిచేసేవాళ్లకి అది ఎంచేది బోర్డు అమ్మినవాడు, బ్యాంకులో పనిచేసేవాళ్లకి సర్వర్లు చూసే విభాగం. 2014లో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7తో వచ్చే కంపైలర్ జీసీసీ 4.8. దాని మామూలు మెయింటెనెన్స్ 2024 జూన్ 30 దాకా నడిచింది. అంటే పదేళ్లపాటు ఎంతోమంది నిబంధనలకి లోబడే, మద్దతు ఉన్న సిస్టమ్ మీదే, ఆ కంపైలర్‌తో పనిచేశారు. వాళ్లని బద్ధకస్తులు అనడం అన్యాయం. రెడ్ హ్యాటే అదే సిస్టమ్ మీద కొత్త కంపైలర్ వాడుకునే టూల్‌సెట్లు కూడా ఇచ్చింది. ఆ సంగతి తెలియక ఇరుక్కున్నవాళ్లూ ఉన్నారు, తెలిసినా వాడుకునే అనుమతి లేనివాళ్లూ ఉన్నారు.

కంపైలర్ మార్చుకునే వీలున్నా, దానితోపాటు ఏబీఐ అనే పీటముడి వస్తుంది. విడివిడిగా కంపైల్ అయిన ముక్కలు ఒకదానితో ఒకటి కలవాలంటే, ఒక వస్తువు మెమరీలో ఎలా పరుచుకుని ఉంటుందో రెండూ ఒకేలా అనుకోవాలి. ఆ ఒప్పందమే ఏబీఐ. పాత జీసీసీలో స్ట్రింగ్‌ని (అక్షరాల వరసని) కాపీ చేస్తే నిజంగా కాపీ అయ్యేది కాదు. ఇద్దరూ ఒకే అక్షరాలను పంచుకుని, ఎవరైనా మార్చినప్పుడే విడిపోయేవారు. సీ++11 నియమాలతో ఆ పద్ధతి కుదరదు. అందుకని జీసీసీ 5 కొత్త తరహా స్ట్రింగ్ తెచ్చి, పాతదాన్నీ పక్కనే ఉంచింది. పాత స్ట్రింగ్‌తో తయారైన లైబ్రరీని కొత్త స్ట్రింగ్‌తో తయారైన ప్రోగ్రామ్‌కి కలపబోతే ముక్కలన్నిటినీ కలిపే లింకర్ దగ్గర ఆగిపోతుంది.

మాకు సరిగ్గా అదే జరిగింది. మా పెట్టెలోని సిమ్ మోడెమ్‌కి అమ్మినవాళ్లు సోర్స్ ఇవ్వలేదు, తయారుగా ఉన్న బైనరీ లైబ్రరీ ఒకటే ఇచ్చారు. కొత్త కంపైలర్‌తో కలపగానే తెర మీద "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంటూ వరస కట్టి లైన్లు, చాలావాటి మధ్యలో "సీఎక్స్ఎక్స్11" అనే ముక్క. ఆ ముక్క కనిపిస్తే జబ్బు ఏమిటో వెంటనే తెలిసిపోతుంది: ఒకరు కొత్త స్ట్రింగ్ అడుగుతున్నారు, ఇంకొకరి దగ్గర పాతదే ఉంది. సోర్స్ ఇవ్వమని, లేదంటే కొత్త కంపైలర్‌తో బిల్డ్ చేసి ఇవ్వమని అమ్మినవాళ్లకి మెయిల్స్ పెట్టాం. ఆ మోడల్ ఆపేశామని జవాబొచ్చింది.

ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లకి "అప్‌గ్రేడ్ చేసుకోండి" అనే సలహా ఎలా వినిపిస్తుందో మా ప్రాంతంవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలారన్న వార్త పేపర్లో వచ్చిన రోజున కాలువ మొదట్లో ఉన్న రైతు నారుమడి తడుపుకుంటాడు. కాలువ చివరన ఉన్న మొగల్తూరు శివారు రైతు ఇంకా ఆకాశం వంకే చూస్తుంటాడు. నీళ్లు ఇద్దరికీ ఒకటే, కానీ మధ్యలో ఎన్ని తూములు, ఎంత పూడిక, ఎవరి వంతు అనేది శివారు రైతు చేతిలో లేదు. కంపైలర్ కూడా అంతే. కొత్త ఉబుంటు ల్యాప్‌టాప్ మీద కూర్చున్నవాడు కాలువ మొదట్లో ఉన్నాడు. బోర్డు అమ్మినవాడు, మోడెమ్ అమ్మినవాడు, సర్టిఫికెట్ ఇచ్చినవాడు దాటుకుంటూ రావాల్సినవాడు శివారులో ఉన్నాడు.

అలాగని కాలువని ఎప్పుడూ కట్టేయొద్దని శివారు రైతు అనడు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టా బతుకంతా కాలువల మీదే. దాళ్వా (రెండో పంట) అయ్యాక వేసవిలో నీళ్లు ఆపి పూడిక తియ్యాలి, లాకులు, గేట్లు బాగుచెయ్యాలి అని అందరికీ తెలుసు. రైతు అడిగేది తేదీ. ఫలానా రోజున కట్టేస్తామని ముందుగా చెబితే, దాళ్వా నాట్లు ఎప్పటికి పూర్తవ్వాలో, ఏ రకం విత్తనం ఎంచుకోవాలో లెక్క వేసుకుంటాడు. చేను పొట్ట మీద ఉండగా చెప్పాపెట్టకుండా నీళ్లు ఆపేస్తే మాత్రం ఊరుకోడు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. స్టాండర్డ్ పెంచాలి. పెంచకపోతే లైబ్రరీ రాసేవాళ్లు అలసిపోయి వదిలేస్తారు, అప్పుడు శివారుకి కూడా ఏమీ మిగలదు. కానీ ఎప్పుడు పెంచుతారో ముందుగా చెప్పాలి, పాత శాఖకి (పాత వెర్షన్ల వరసకి) భద్రతా ప్యాచ్‌లు ఎప్పటిదాకా ఇస్తారో తేదీతో సహా రాయాలి. భద్రతా లోపానికి మందు, స్టాండర్డ్ పెంపు రెండూ ఒకే విడుదలలో కట్టిపెట్టడం మాత్రం తప్పు. మందు కావాలంటే ఇల్లు మారమన్నట్టు ఉంటుంది. ప్యాచ్‌ని పాత శాఖలో కూడా వదిలి, పెంపుని వేరే విడుదలగా ఇవ్వడానికి పట్టే శ్రమ తక్కువ, దానివల్ల మిగిలే నిద్ర ఎక్కువ.

వెర్షన్ నంబర్ సంగతి. ఫంక్షన్ల పేర్లు, వాడే తీరు ఏవీ మారలేదు కాబట్టి చిన్న వెర్షన్ పెంపు చాలని కొందరంటారు. రస్ట్ అనే భాష లోకంలో ఈ వాడుక బాగానే ఉంది. అక్కడ దానికి తగిన ఏర్పాటు కూడా ఉంది. తనకి కనీసం ఏ కంపైలర్ కావాలో ప్రతి ప్యాకేజీ ఒక గడిలో రాసుకునే వీలు 2021లో రస్ట్ 1.56తో వచ్చింది. 2025 జనవరిలో వచ్చిన 1.84 నుంచి రస్ట్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే కార్గో ఆ గడి చూసి, మన కంపైలర్‌కి సరిపోయే వెర్షన్‌నే ఎంచి పెట్టగలదు. సీ++లో అలా అందరికీ ఉమ్మడిగా ఉన్న ఏర్పాటు లేదు. కాబట్టి ఇక్కడ పెద్ద నంబరే మార్చాలంటాను. తెర మీద కిటికీలు, బటన్లు కట్టే లైబ్రరీ క్యూట్ అలాగే చేసింది: 2020 డిసెంబర్‌లో సీ++17 తప్పనిసరి చేసినప్పుడు అది ఆరో వెర్షన్ అయింది.

పెంచేటప్పుడు ఎక్కడ పెంచుతున్నామో కూడా చూసుకోవాలి. లైబ్రరీ లోపలి ఫైళ్లలో సీ++20 వాడినా, దాన్ని ముందే బిల్డ్ చేసి ఇస్తే వాడేవాడికి తెలియనే తెలియదు. హెడర్ ఫైల్‌లో వాడితే మాత్రం దాన్ని కలుపుకునే ప్రతివాడూ అదే స్టాండర్డ్‌కి రావాలి. హెడర్ అంటే వాకిలి, లోపలి గదిలో ఎంత మార్చుకున్నా వాకిలి ఎత్తు మారనంతవరకు వచ్చేవాళ్లకి ఇబ్బంది లేదు. వాకిలి దగ్గరే "17 ఉంటే ప్రామాణిక స్ట్రింగ్ వ్యూ, లేకపోతే మా సొంతది" అని రాసే అలవాటు అన్నిటికన్నా ప్రమాదం. లైబ్రరీని 14 మోడ్‌లో, ప్రోగ్రామ్‌ని 17 మోడ్‌లో బిల్డ్ చేస్తే ఒకే పేరు రెండు వేరు వేరు రకాలవుతుంది. అదృష్టం బాగుంటే లింకర్ పట్టుకుంటుంది. గూగుల్ వాళ్ల ఆబ్సీల్ లైబ్రరీలో ఈ ఏర్పాటు ఉండేది, అందుకే అన్నిటినీ ఒకే స్టాండర్డ్‌తో సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోమని వాళ్లు గట్టిగా చెబుతారు.

ఎప్పటికీ పెంచకపోవడం కూడా కొందరికి సరైన నిర్ణయమే. ఇంటర్నెట్ మీద డేటా పంపే, తెచ్చే కర్ల్ ఇప్పటికీ 1989 నాటి సీతోనే బిల్డ్ అవుతుంది. అది నడవని పరికరం అరుదు, ఎక్కడైనా నడవడమే దాని విలువ. దాన్ని చూపించి మిగతా అందర్నీ అలాగే ఉండమనడం మాత్రం కుదరదు.

మా పెట్టె సంగతికి వస్తే, చివరికి దారి దొరికింది. బోర్డులో ఉన్న పాత సీ లైబ్రరీని, కెర్నల్‌ని ముట్టుకోలేదు. వాటి హెడర్లు, ఫైళ్లు ఆధారంగా పెట్టుకుని కొత్త జీసీసీతో క్రాస్ కంపైలర్ (మన కంప్యూటర్ మీద నడుస్తూ వేరే బోర్డు కోసం ప్రోగ్రామ్ తయారుచేసేది) మేమే బిల్డ్ చేసుకున్నాం. సీ++ లైబ్రరీని విడిగా బోర్డు మీద పెట్టకుండా ప్రోగ్రామ్‌లోనే కలిపేశాం. మోడెమ్ లైబ్రరీ కోసం పాత స్ట్రింగ్‌నే వాడమని కంపైలర్‌కి ఒక మాక్రోతో చెప్పాం. అది సీ++98 పద్ధతిలో రాసినది కాబట్టి కుదిరింది, 4.8 నాటి సీ++11 వస్తువులు బయటికి చూపించేదైతే ఆ నమ్మకం ఉండేది కాదు. పది రోజులు పట్టింది. ఈ పని ఇలా చేయొచ్చని ముందే తెలిసుంటే మూడు రోజుల్లో అయ్యేది. లైబ్రరీలు స్టాండర్డ్ పెంచేటప్పుడు ఇలాంటి దారి ఒకటి నాలుగు లైన్లలో రాసిపెడితే శివారులో ఉన్నవాళ్లకి ఎంత టెన్షన్ తగ్గుతుందో.

మొదటి తరం పెట్టెలకి మాత్రం ఇది పనికిరాలేదు. ప్రోగ్రామ్ సైజు పెరిగి వాటి ఫ్లాష్ మెమరీలో పట్టలేదు. బాబాయి చెరువు మీద ఉన్నది ఆ తరానిదే. లైబ్రరీని చూసుకునే మెయింటైనర్‌కి మా పరిస్థితి వివరంగా రాసి, పాత శాఖలో ఆ ఒక్క భద్రతా ప్యాచ్ వేయగలరా, వేస్తే ఎప్పటిదాకా చూస్తారు అని అడిగాను. పాత కంపైలర్ మీద ప్యాచ్‌ని పరీక్షించే పని మేం చేస్తామని కూడా రాశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది: ప్యాచ్ వేస్తాం, ఏడాది పాటు చూస్తాం, పరీక్షలు మీవి. ఆయన్ని అలా ఎవరూ అడగలేదట, అందరూ తిట్టినవాళ్లేనట.

ఆ ఏడాది లెక్క బాబాయికి చెప్పడానికి ఉండి వెళ్లాను. స్టాండర్డ్ గొడవంతా చెప్పలేదు. పెట్టె పాతబడింది, ఫలానా నెలలోగా మార్చాలి అన్నాను.

"ఇప్పుడే మార్చాలేంట్రా? చెరువులో సరుకుంది."

"ఇప్పుడే అక్కర్లేదు బాబాయ్. ఏడాది టైముంది."

"అయితే పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడతాం కదా, అప్పుడు వచ్చి మార్చేసుకో. ఏరియేటర్లు కూడా అప్పుడే గట్టుకి లాగి బాగుచేయిస్తా" అని, మేత లెక్కలు రాసుకునే పుస్తకం తీసి వెనక అట్ట మీద ఆ నెల రాసుకున్నాడు.